మార్చుకునే స్టీల్ సూదుల సెట్ రివ్యూ: అల్లిక మధ్యలో కొత్త కుట్లు కలిపేటప్పుడు ఎలా పనిచేసింది

నిటింగ్ సూదుల రివ్యూలు చాలావరకు సూది నున్నగా ఉందా, పౌచ్ బాగుందా, ఎన్ని సైజులు ఇచ్చారు అనే దగ్గరే ఆగిపోతాయి. సాదా అల్లికకి ఆ మాత్రం తెలిస్తే చాలు కూడా, ఎందుకంటే ఒక వరస నిట్ (మామూలు కుట్టు) ఒక వరస పర్ల్ (తిరగేసిన కుట్టు) వేసుకుంటూ తిన్నగా పోయేదానికి ఏ సూదైనా పనికొస్తుంది. సూది సత్తా బయటపడేది అల్లిక సగంలో ఉండగా కొత్తగా కుట్లు కలపాల్సొచ్చినప్పుడే. స్వెటర్‌లో చంక దగ్గర, గ్లోవ్‌లో బొటనవేలి దగ్గర, కార్డిగన్ కాజాల దగ్గర, బాడీతోపాటే చేతులు కూడా కలిపి అల్లే మోడల్స్‌లో రెండు పక్కలా... అక్కడ మొన లావుగా ఉన్నా, మొనా వైరూ కలిసే జాయింట్ దగ్గర చిన్న మెట్టు ఉన్నా, వైరు మొండిగా మెలితిరిగినా వెంటనే చేతికి తెలిసిపోతుంది. అందుకే ఈ సెట్‌ని నేను మొత్తం ఆ పని మీదే పెట్టి చూశాను, రివ్యూ కూడా దాని గురించే.

సెట్ ఏంటంటే, ఇంటర్‌చేంజబుల్ సర్క్యులర్ నీడిల్స్, అంటే రెండు చివర్లా మొనలు, మధ్యలో వైరు ఉండి, మొనలూ వైర్లూ విప్పి మార్చుకునే సూదులు. స్టెయిన్‌లెస్ స్టీల్ మొనలు, 3 మి.మీ. నుంచి 8 మి.మీ. దాకా జతలు, మూడు పొడవుల్లో వైర్లు, వైరు చివర మరలు, బిగించడానికి చిన్న తాళంచెవి లాంటి పిన్ను, వైరు చివర్లకి పెట్టుకునే మూతలు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే డిజైన్ చాలామంది చేస్తున్నారు, మీరు ఏది కొన్నా చూసుకోవాల్సినవి ఇవే. పోల్చడానికి పక్కన నా పాత చెక్క మొనల సెట్, ఒక జత వెదురు సూదులు కూడా పెట్టుకున్నాను. ఇంకో మాట, ఇందులో నేను వైరు అంటే రెండు మొనల్ని కలిపే సన్నటి తీగ, కేబుల్ కాస్ట్ ఆన్ అంటే కుట్లు వేసే పద్ధతి, రెండూ కలిపేసుకోకండి.

ముందు మొన సంగతి. అల్లిక మధ్యలో కుట్లు కలపడానికి నాకు బాగా నమ్మకమైన పద్ధతి కేబుల్ కాస్ట్ ఆన్. వరస మొదట్లో, అంటే అల్లిక తిప్పాక ఊలు ఎడమ సూది మొదటి కుట్టు దగ్గర వేలాడుతుంటుంది కదా, అక్కడ మొదటి రెండు కుట్ల మధ్య సందులోంచి కుడి సూది దూర్చి ఊలు లాగి ఆ లూపుని ఎడమ సూదికి ఎక్కించాలి, మళ్ళీ కొత్త కుట్టుకీ దాని పక్క కుట్టుకీ మధ్యలోంచి, అలా కావాల్సినన్ని. అంచు తాడులాగా గట్టిగా వస్తుంది, లాగినా సాగిపోదు, కాజాలకీ భుజాల దగ్గరకీ ఇంతకన్నా మంచిది లేదు. కష్టమల్లా ఆ రెండు కుట్ల మధ్య సందులోనే ఉంది, మొద్దు మొన అయితే అక్కడ దూరదు, మనం తోస్తాం, తోసినకొద్దీ పక్క కుట్లు సాగుతాయి, అంచు ఒక చోట బిగుతు ఒక చోట వదులు. ఈ స్టీల్ మొనలు సన్నగా వాలుగా దిగుతాయి కాబట్టి సందులోకి సాఫీగా పోయాయి, ఊలు పట్టుకుని బయటికి రావడం కూడా ఒకే కదలికలో అయిపోయింది. వెదురు సూదితో అదే ఊలు మీద అదే పని చేస్తే ప్రతి కుట్టుకీ ఒకసారి ఆగాల్సొచ్చింది. ఈ విషయంలో స్టీల్‌కి నేను పూర్తి మార్కులు ఇస్తాను, సందేహమే లేదు.

అయితే ఈ పదును అన్నిటికీ మంచిది కాదు. సింగిల్ ప్లై ఊలు, అంటే పురులు కలపకుండా ఒకే పోగుగా ఉండే మెత్తటి ఊలు వాడితే మొన పోగు మధ్యలోంచి దూసుకుపోతుంది, సగం పోగులే బయటికొస్తాయి, అది ఆ వరసలో కనబడకపోవచ్చు గానీ తర్వాత ఆ అంచులోంచి ఊలు లాగి కుట్లు ఎత్తుకునేటప్పుడు గజిబిజి అవుతుంది. అలాంటి ఊలుకి గుండ్రటి మొన ఉన్న చెక్క సూదే హాయి. ఇంకోటి, చూపుడు వేలితో మొనని వెనక్కి నొక్కుతూ అల్లే అలవాటు ఉన్నవాళ్ళకి ఈ స్టీల్ మొనలు వేలి చివర గుచ్చుకుంటాయి, మామూలు అల్లికలో ఓర్చుకోవచ్చు గానీ కేబుల్ కాస్ట్ ఆన్‌లో నొక్కుడు ఎక్కువ కాబట్టి వేలికి చిన్న తోలు తొడుగో టేపో వేసుకోండి.

ఇక బ్యాక్‌వర్డ్ లూప్. అందరికీ మొదట వచ్చే పద్ధతి ఇదే, బొటనవేలికి ఊలు చుట్టి మెలితిప్పి కుడి సూదికి ఎక్కించేయడమే, అల్లిక తిప్పే పని కూడా లేదు, వరస చివర్లో ఉన్నా గుండ్రంగా అల్లుతున్నా అక్కడికక్కడే వేసేయొచ్చు. నాలుగైదు కుట్లకి భేషుగ్గా ఉంటుంది. పది దాటిందంటే మాత్రం తర్వాత వరసలో కష్టాలు మొదలు, ఒక్కో లూపు అల్లుతుంటే దాని పక్కన ఊలు కొంచెం కొంచెం మిగిలి ముందుకి పాకుతూ వస్తుంది, చివరి కుట్టు చేరేసరికి మధ్యలో పొడుగ్గా దారం వేలాడుతుంది. అది ఈ పద్ధతిలోనే ఉన్న లోపం, సూది తప్పు కాదు. కానీ సూది ఆ లోపాన్ని పెంచొచ్చు, తగ్గించొచ్చు. స్టీల్ జారుడు ఎక్కువ కాబట్టి ఆ లూపులు సూది మీద నిలబడవు, సూది కిందకి వంచితే జారి విడిపోయే ప్రమాదం కూడా ఉంది. చెక్క మొన మీద అవే లూపులు కదలకుండా కూర్చున్నాయి. కాబట్టి బ్యాక్‌వర్డ్ లూప్ వేసేటప్పుడు నేను కుడి వైపు మాత్రం చెక్క మొన తగిలించి ఎడమ వైపు స్టీల్ ఉంచాను. నా రెండు సెట్ల మరలు ఒకే కొలత కావడం వల్ల ఇది కుదిరింది, అన్ని కంపెనీల మరలూ ఒకదానికొకటి పట్టవు, ఒకే కంపెనీలో కూడా సన్న సైజులకీ లావు సైజులకీ వేరు వేరు మరలు పెట్టేవాళ్ళు ఉన్నారు. కొనేముందు ఇది తప్పకుండా చూసుకోండి.

ఇక్కడే ఈ రకం సెట్‌లో ఉన్న అసలు లాభం చెప్పాలి. మొనలు రెండూ ఒకే సైజు ఉండక్కర్లేదు! బ్యాక్‌వర్డ్ లూప్ వదులుగా వస్తోందంటే కుడి మొన ఒకటి రెండు సైజులు తగ్గించి వేసి, ఆ కుట్లు అయ్యాక మళ్ళీ అసలు మొన బిగించుకోవచ్చు. కేబుల్ కాస్ట్ ఆన్ బిగుతుగా వస్తోందంటే దానికి తిరగేసి, కొత్త కుట్లు ఎక్కే ఎడమ మొన ఒక సైజు పెంచాలి. అతికించేసి వచ్చే మామూలు సర్క్యులర్ సూదులతో ఇది చేయాలంటే ఇంకో సూది తెచ్చుకోవాలి. 4 మి.మీ. మీద అల్లుతూ కొత్త కుట్లకి మాత్రం 3.5 వాడాను, చంక దగ్గర కుట్లు మిగతా వాటితో కలిసిపోయి కనబడ్డాయి.

సైజుల గురించి మాట వచ్చింది కాబట్టి, మొనల మీద మి.మీ. రాసుందా లేదా చూడండి, ఒట్టి నంబర్ చూసి కొనొద్దు. బ్రిటిష్ పాత లెక్కలో 8 నంబర్ అంటే 4 మి.మీ., అమెరికా లెక్కలో 8 అంటే 5 మి.మీ. ఒకటేమో నంబర్ పెరిగితే సూది సన్నబడుతుంది, రెండోదేమో నంబర్ పెరిగితే లావవుతుంది. ఈ సెట్‌లో మి.మీ. లెక్క మొన అడుగున చెక్కారు, అది బాగుంది, కానీ అక్షరాలు మరీ చిన్నవి, వెలుతురు సరిగ్గా లేకపోతే 3.5 ఏదో 3.75 ఏదో తెలియదు, సైజు చూసే రంధ్రాల పలక ఒకటి సెట్‌లోనే ఇచ్చుంటే బాగుండేది.

ఇప్పుడు జాయింట్. మొనకీ వైరుకీ మధ్య ఆ కలిసే చోటు. మామూలు వరసలు అల్లేటప్పుడు కుట్లు వదులుగా ఉంటాయి, జాయింట్ మీదుగా సులువుగా ఎక్కేస్తాయి. కొత్తగా కలిపిన కుట్లు అలా కాదు, వాటికింకా కింద వరస లేదు, వైరు మీదకి జారిపోగానే వైరు సన్నదనానికి తగ్గట్టు బిగుసుకుంటాయి, తర్వాత వరసలో వాటిని మళ్ళీ లావు మొన మీదకి ఎక్కించాలి. జాయింట్ దగ్గర గోరుకి తగిలేంత మెట్టు ఉన్నా అక్కడ ప్రతి కుట్టూ ఆగుతుంది. ఈ సెట్‌లో చిన్న సైజులకి జాయింట్ చాలా నునుపుగా ఉంది, గోరుతో గీస్తే ఏమీ తగల్లేదు. 6 మి.మీ. పైన లావు మొనలకి మాత్రం మొన నుంచి వైరుకి దిగడం ఒక్కసారిగా ఉంది, కొంచెం వాలుగా చేసుండాల్సింది, అక్కడ లావు ఊలుతో వేసిన కేబుల్ కాస్ట్ ఆన్ కుట్లని వేలితో ఒక్కొక్కటీ తోసుకుంటూ రావాల్సొచ్చింది. లావు ఊలుతో పెద్ద స్వెటర్లు అల్లేవాళ్ళు ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

మరలు వదులవుతాయా అని చాలామంది అడిగే ప్రశ్న. అవుతాయి, ఎవరు ఎన్ని చెప్పినా చేత్తో మాత్రమే బిగిస్తే అవుతాయి. జాయింట్ పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, అందులో పిన్ను పెట్టి వైరుని కదలకుండా పట్టుకుని ఇంకో చేత్తో మొనని బిగించాలి, రబ్బరు ముక్కతో పట్టుకుంటే ఇంకా గట్టిగా వస్తుంది. అలా బిగించినవి నాకు మధ్యలో ఊడలేదు. కుట్లు కలిపే పనిలో అల్లికని అటూ ఇటూ తిప్పడం ఎక్కువ కాబట్టి మెలికలన్నీ మర మీదే పడతాయి, కొత్త కుట్లు మొదలుపెట్టేముందు రెండు వైపులా ఒకసారి బిగించి చూసుకోవడం అవసరం. వైరు మొన దగ్గర తనంతట తాను తిరిగే రకం అయితే ఈ బాధ చాలా తక్కువ, ఈ సెట్‌లో పొడుగు వైర్లు ఆ రకమే, పొట్టి వైరు మాత్రం తిరగదు, ఎందుకలా చేశారో అర్థం కాలేదు, గుండ్రంగా చిన్న చుట్టుకొలతలో అల్లేటప్పుడే కదా తిరగడం ఎక్కువ కావాల్సింది.

ఆ రంధ్రానికి ఇంకో ఉపయోగం ఉంది, నాకైతే సెట్ మొత్తంలో ఇష్టమైన సంగతి అదే. లైఫ్‌లైన్ అంటారు కదా, ఒక వరస కుట్లన్నిటిలోంచీ వేరే దారం దూర్చి ఉంచడం, తర్వాత తేడా వచ్చి విప్పాల్సొస్తే ఆ దారం దగ్గర ఆగిపోతుంది. మామూలుగా అయితే దబ్బనం లాంటి మొద్దు సూదితో ఒక్కో కుట్టులోంచీ దూర్చాలి. ఈ సెట్‌లో ఆ రంధ్రంలోకి సన్నటి నున్నటి దారం ఎక్కించి మామూలుగా ఒక వరస అల్లితే చాలు, దారం దానంతటదే అన్ని కుట్లలోంచీ వెళ్ళిపోతుంది. కుట్లు కలపబోయే వరసకి ముందు వరసలో ఇది చేసిపెట్టుకుంటే రెండు పక్కలా నలభై యాభై కుట్లు కలిపి, నాలుగు వరసలు అల్లాక లెక్క కలవకపోయినా గుండె ఆగిపోదు. ఒక జాగ్రత్త, సూది మీద గుర్తు కోసం పెట్టిన మూసిన రింగు మార్కర్లు ఉంటే దారం వాటిలోంచి కూడా పోయి మార్కర్లు అక్కడే ఇరుక్కుపోతాయి, తెరిచే రకం మార్కర్లు పెట్టుకోండి లేదా దారం వెళ్ళేటప్పుడు పక్కకి తప్పించండి. మోహేర్ లాంటి బూరు ఊలు విప్పడం నరకం కాబట్టి దానికి లైఫ్‌లైన్ తప్పనిసరి అనే నేను అంటాను.

ఇప్పుడు చంక సంగతికొద్దాం, ఎందుకంటే మధ్యలో కుట్లు కలపడం అనగానే ఎక్కువమంది తిప్పలు పడేది ఇక్కడే, ఈ రకం సెట్ ఎక్కువ ఆదుకునేది కూడా ఇక్కడే. మెడ దగ్గర మొదలుపెట్టి కిందకి అల్లే స్వెటర్‌లో యోక్ (మెడ నుంచి చంక దాకా ఉండే పై భాగం) అయ్యాక చేతుల కుట్లని పక్కన పెట్టి, ఆ ఖాళీలో కొన్ని కొత్త కుట్లు వేసి బాడీని కలిపేస్తాం. పక్కన పెట్టడానికి అందరూ వేస్ట్ ఊలు వాడతారు, తర్వాత మళ్ళీ ఆ కుట్లన్నీ సూదికి ఎక్కించుకోవాలి. ఈ సెట్‌లో వైర్లు ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఒక వైరుకి సన్న మొన తగిలించి చేతి కుట్లు దాని మీదకి మార్చి, మొన తీసేసి రెండు వైపులా మూతలు బిగించేశాను. చేయి అల్లే టైమ్ వచ్చినప్పుడు మూతలు తీసి మొనలు తగిలిస్తే చాలు, ఒక్క కుట్టు కూడా మళ్ళీ ఎక్కించే పని లేదు. పైగా మధ్యలో స్వెటర్ వేసుకుని చూసుకోవచ్చు, వైరు వంగుతుంది కాబట్టి.

కాకపోతే ఆ మూతలే ఈ సెట్‌లో బలహీనమైన భాగం. మర రెండు చుట్లకే ఆగిపోతుంది, బ్యాగులో అటూ ఇటూ కదిలితే ఊడే ప్రమాదం ఉంది. మూత మీద నుంచి చిన్న రబ్బరు బ్యాండ్ చుట్టి వాడుతున్నాను. ఇంత మంచి మొనలు చేసినవాళ్ళు మూతల దగ్గర పిసినారితనం చూపించడం బాధగా ఉంది, ఒక్క మూత ఊడితే చేయి మొత్తం కుట్లు జారిపోతాయి కదా.

చంకలో ఎన్ని కుట్లు అనేది ప్యాటర్న్ చెప్తుంది, చెప్పకపోతే గేజ్ (ఎన్ని సెం.మీ.కి ఎన్ని కుట్లు వస్తాయనే లెక్క) నుంచి తీసుకోవచ్చు, 10 సెం.మీ.కి 22 కుట్లు వస్తున్నాయి, చంక 4 సెం.మీ. కావాలి అంటే 22 ని 4 తో గుణించి 10 తో భాగిస్తే 8.8, అంటే 8 గానీ 10 గానీ. సరి సంఖ్య అయితే మధ్యలో మార్కర్ పెట్టుకోవడం సులువు, అదే పక్క సీమ్ లెక్క. కింద రిబ్ (సాగే అంచు అల్లిక) రెండు నిట్ రెండు పర్ల్ అయితే బాడీ మొత్తం కుట్లు 4 తో భాగించబడాలి కాబట్టి ఆ సర్దుబాటు కూడా ఇక్కడే చేసేసుకుంటే కిందకి పోయాక తలనొప్పి ఉండదు.

గుండ్రంగా అల్లేటప్పుడు కేబుల్ కాస్ట్ ఆన్ ఎలా వేస్తాం, ఊలు కుడి సూది మీద ఉంది కదా అంటే, అల్లికని తిప్పేయాలి, తిప్పగానే అది ఎడమ సూది అవుతుంది, కావాల్సినన్ని కుట్లు వేసి మళ్ళీ వెనక్కి తిప్పి అల్లుకుంటూ పోవాలి. ఈ తిప్పే దగ్గరే వైరు మెత్తదనం పనికొచ్చింది. వెనకటి నైలాన్ వైర్లు ప్యాకెట్‌లో ఎలా చుట్టి ఉంటాయో అలానే ఉండిపోతాయి, వేడి నీళ్ళలో కాసేపు ముంచితే గానీ సాగవు, వాటితో అల్లిక తిప్పితే వైరు ఎదురు తిరిగి కొత్త కుట్లని లాగేస్తుంది. దీని పొడుగు వైర్లు లోపల సన్న స్టీల్ తీగలు, పైన నైలాన్ పూత, ఎటు వంచితే అటు ఉంటాయి, మ్యాజిక్ లూప్‌లో, అంటే పొడుగు వైరుని మధ్యలో లూపుగా బయటికి లాగి చిన్న చుట్టుకొలత అల్లే పద్ధతిలో, చేతులు అల్లడానికి కూడా ఇదే బాగుంటుంది, దానికి కనీసం 80 సెం.మీ. పొడుగు ఉండేలా చూసుకోండి.

కొత్త కుట్లకీ పాత కుట్లకీ మధ్య ఆ మూలల్లో పడే కన్నాలు ఏ సూదితోనూ పోవు, ముందే చెప్తున్నాను. చేయి అల్లేటప్పుడు చంక అంచు మీద కుట్లు ఎత్తుకుంటాం కదా, రెండు మూలల్లోనూ ఒక్కో కుట్టు అదనంగా ఎత్తుకుని తర్వాత రౌండ్‌లో పక్క కుట్టుతో కలిపి తగ్గించేస్తే కన్నం చాలావరకు మూసుకుంటుంది. ఈ ఎత్తుకోవడానికి ఈ పదును మొనలు దివ్యంగా ఉన్నాయి, క్రోషే హుక్ తీయాల్సిన అవసరమే రాలేదు.

సెట్‌లో వైర్లు ఎక్కువ ఉండటంతో ఇంకో పద్ధతి కూడా చేసి చూశాను, చాలా బాగా వచ్చింది. చంక కుట్లు వేసేటప్పుడు కుడి మొన పక్కనే ఖాళీ వైరు ఒకటి ఆనించి పట్టుకుని, రెండిటికీ కలిపి ఊలు చుట్టేయడం. మొన మీద ఉన్న చుట్లు బాడీకి కుట్లు అవుతాయి, వైరు మీద ఉన్నవి తెరిచిన కుట్లుగానే మిగిలిపోయి తర్వాత చేతికి పనికొస్తాయి, అంచు అనేదే ఉండదు, చంకలో గట్టిగా తగిలే గీత ఉండదు. చిన్న పిల్లల స్వెటర్లకి ఇంతకన్నా మెత్తగా ఏదీ రాదు. లెక్కలో ఒక కుట్టు అటూ ఇటూ అవ్వచ్చు, ఎందుకంటే కింద వైపు కుట్లు నిజానికి రెండు కుట్ల మధ్య ఉన్న వంపులు, సగం కుట్టు పక్కకి జరిగినట్టు ఉంటాయి, సాదా అల్లికలో అది కంటికి ఆనదు, రిబ్‌లో మాత్రం కనబడుతుంది. మొదటి రౌండ్ అల్లేటప్పుడు మాత్రం ఊలు చుట్లు వదులుగా ఉంటాయి కాబట్టి నిదానంగా చేయండి. ఇది అతికించిన సూదులతో చేయాలంటే రెండో సూది మొనలు అడ్డం పడుతూ ఉంటాయి, వట్టి వైరు అయితే ఏ అడ్డూ లేదు.

కాజాల గురించి రెండు మాటలు. ఒకే వరసలో వేసే కాజాకి కొన్ని కుట్లు మూసేసి, అల్లిక తిప్పి, మూసినవాటికన్నా ఒకటి ఎక్కువగా కేబుల్ కాస్ట్ ఆన్ వేసి, ఆ చివరి కుట్టుని ఎడమ సూదికి ఎక్కించేముందు ఊలుని రెండు సూదుల మధ్యలోంచి ముందుకి తెచ్చుకోవాలి. మళ్ళీ తిప్పాక ఎడమ సూది మీది మొదటి కుట్టుని కుడికి జార్చి దాని మీదుగా ఆ అదనపు కుట్టుని దాటిస్తే కాజా మూల గట్టిగా మూసుకుంటుంది. చెప్పుకోవడానికి పొడుగ్గా ఉంది గానీ చేతికి అలవాటైతే చాలా శుభ్రంగా వస్తుంది. బిగుతు కుట్ల మీద ఇంత చిన్న పని చేయాలంటే మొన పదునుగా ఉండాల్సిందే, ఇక్కడ చెక్క సెట్ ఈ స్టీల్ దరిదాపుల్లోకి రాలేదు.

బాడీతోపాటు చేతులు కలిపి అల్లే మోడల్‌లో రెండు పక్కలా పెద్ద సంఖ్యలో కుట్లు కలపాలి, కేబుల్ కాస్ట్ ఆన్ వరస మొదట్లోనే పడుతుంది కాబట్టి ఒక చేయి ఈ వరస మొదట, రెండో చేయి తిప్పాక వచ్చే వరస మొదట వేయాలి, ఒక వరస తేడా ఉంటుంది, అది కనబడదు, దాని గురించి బెంగ వద్దు. ఇక్కడ ఈ సెట్ నాకు ఇచ్చిన సుఖం ఏంటంటే కుట్లు పెరిగాక వైరు చాలకపోతే ఖాళీగా ఉన్న వైపు మొన తీసి పొడుగు వైరుకి తగిలించి, తర్వాత వరస దాని మీదకి అల్లేసుకోవచ్చు. రెండు వైర్లని కలిపే చిన్న జాయింట్ ముక్క మాత్రం సెట్‌లో ఇవ్వలేదు, విడిగా కొనుక్కోవాలి, శాలువాలు అల్లేవాళ్ళకి అది తప్పకుండా కావాలి.

కాటన్ దారంతో చేసేవాళ్ళకి విడిగా చెప్పాలి. కాటన్ సాగదు, కేబుల్ కాస్ట్ ఆన్ వేస్తే అంచు తాడులాగే బిగుసుకుపోతుంది, దానికి నిటెడ్ కాస్ట్ ఆన్ నయం, అంటే రెండు కుట్ల మధ్యలోంచి కాకుండా నేరుగా మొదటి కుట్టులోంచే లూపు లాగి ఎడమ సూదికి ఎక్కించడం. అంచు కొంచెం వదులుగా, సాగేలా వస్తుంది. స్టీల్ మీద కాటన్ జారదు పెద్దగా, కాబట్టి ఈ సెట్‌తో ఇబ్బంది ఏమీ లేదు, చెక్క మీదైతే పట్టుకుని కూర్చుంటుంది.

మరి ఎవరికి ఈ సెట్? స్వెటర్లు, కార్డిగన్లు, గ్లోవ్స్ అల్లేవాళ్ళకి గట్టిగా చెప్తాను, తీసుకోండి. మఫ్లర్లు, దుప్పట్లు తిన్నగా అల్లుకునేవాళ్ళకి ఇంత అవసరం లేదు, ఒక మంచి సర్క్యులర్ సూది చాలు. నిటింగ్ ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళు మాత్రం మొదటి సూదిగా స్టీల్ తీసుకోవద్దు, కుట్లు జారిపోతుంటే విసుగొచ్చి మానేస్తారు, చెక్కతో మొదలుపెట్టి చంక కుట్ల దాకా వచ్చాక అప్పుడు ఇటు రండి. సెట్ మొత్తం ఒకేసారి వద్దనుకుంటే 3.5, 4, 4.5 మి.మీ. మొనలు, 80 సెం.మీ. సూదికి సరిపోయే వైరు ఒకటి, చేతుల కుట్లు ఆపుకోవడానికి అదనంగా రెండు వైర్లు విడిగా తీసుకోండి, వైరు మీద రాసే పొడవు ఒక్కోచోట మొనలతో కలిపి ఉంటుంది ఒక్కోచోట వట్టి వైరుదే ఉంటుంది, అది చదివి చూసుకుని మరీ ఆర్డర్ పెట్టండి.